50 దాటినవాళ్ళకి ఏ టెన్నిస్ ప్రాక్టీస్ వాల్? నా ఓటు నెమ్మదిగా ఆడనిచ్చే దానికే

ముందే చెప్పేస్తున్నా. ఈసారి మాట్లాడుకునే వస్తువుకి ప్రాసెసర్ లేదు, బ్యాటరీ లేదు, చాలాసార్లు బాక్స్ కూడా ఉండదు. టెన్నిస్ ప్రాక్టీస్ వాల్. ఇంటి దగ్గర ఒక్కరే నిలబడి బంతి కొడితే, అది తగిలి మళ్ళీ మన దగ్గరికే వచ్చే ఏర్పాటు. ఫోన్ల సైట్‌లో ఇదెందుకు అంటే, జనం ఇప్పుడు దీన్ని కూడా ఫోన్ కొన్నట్టే కొంటున్నారు కాబట్టి. సెర్చ్ చేస్తారు, స్టార్ రేటింగ్ చూస్తారు, పేరులో "ప్రో" అని ఉన్నది కార్ట్‌లో వేసేస్తారు. ఇంకో తమాషా ఏంటంటే, ఆర్డర్ పెట్టేది పాతికేళ్ళ కొడుకో కూతురో, వాడాల్సింది అరవై ఏళ్ళ నాన్నో అమ్మో. ఫోన్ విషయంలో ఈ తేడా పెద్దగా నష్టం చేయదు. ఫాంట్ సైజ్ పెంచి ఇస్తే సరిపోతుంది. గోడ విషయంలో మాత్రం మోచేతి మీద, మోకాలి మీద పడుతుంది.

నా అభిప్రాయం సూటిగా ఇది: మార్కెట్‌లో దొరికే చాలా ప్రాక్టీస్ వాల్స్, మన ఇళ్ళలో ఉండే కాంపౌండ్ గోడలతో సహా, 50 దాటినవాళ్ళకి మరీ ఫాస్ట్. కొనేటప్పుడు చూడాల్సింది బంతి ఎంత గట్టిగా తిరిగొస్తుందని కాదు, ఎంత ఆలస్యంగా తిరిగొస్తుందని. అసలు కొనడానికి కారణం కూడా ఫోర్‌హ్యాండ్ మెరుగుపరుచుకోవడం కాదంటాను నేను.

మా నాన్నకి 61. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీస్ కోర్టులో మొదలుపెట్టి ఇప్పటిదాకా వదల్లేదు. పొద్దున ఐదున్నరకి నలుగురూ కలిసేవాళ్ళు, రెండు సెట్ల డబుల్స్, తర్వాత ఇరానీ చాయ్. ఈ మూడేళ్ళలో ఆ నలుగురిలో ఒక అంకుల్ ఏడాదిలో ఆర్నెల్లు అమెరికాలో మనవడి దగ్గర ఉంటున్నారు. ఇంకొకరికి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మూడో ఆయన సొంతూరికి వెళ్ళిపోయారు. కోర్టులో మిగతావాళ్ళంతా ముప్పైల్లో ఉన్న కుర్రాళ్ళు. మర్యాదకి ఒక సెట్ ఆడతారు గానీ రెండోరోజు పిలవరు. "ఎవరూ రాకపోతే వాకింగ్‌కి పోతాలే" అని నాన్న అనడం మొదలైంది. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా ఆట మానేసి ఉంటే గుర్తు చేసుకోండి. చాలామంది మోకాళ్ళు పోయి మానరు, పార్టనర్లు పోయి మానేస్తారు. మోకాళ్ళు ఆ తర్వాత పోతాయి.

వాకింగ్ మంచిదే, కాదని ఎవరూ అనరు. కానీ పక్కకి జరగడం, మెడ తిప్పి చూడటం, కంటికీ చేతికీ మధ్య సమన్వయం, ఒక కాలి మీద బరువు వేసి ఆపుకోవడం, ఇవి వాకింగ్‌లో రావు. వయసు మీద పడ్డాక తూలి పడకుండా కాపాడేవి ఇవే. కోపెన్‌హాగెన్‌లో పాతికేళ్ళ పాటు వేలమందిని గమనించిన ఒక అధ్యయనం 2018లో మాయో క్లినిక్ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. ఏ వ్యాయామం చేయనివాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళ ఆయుర్దాయం 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళది 6.2, జాగింగ్ చేసేవాళ్ళది 3.2 ఏళ్ళు ఎక్కువ కనిపించింది. వాట్సాప్‌లో ఈ నంబర్లు చూసే ఉంటారు. దీనర్థం టెన్నిస్ ఆడితే పదేళ్ళు గ్యారంటీ అని కాదు. టెన్నిస్ ఆడగలిగేవాళ్ళు మామూలుగానే డబ్బూ ఆరోగ్యమూ ఉన్నవాళ్ళు అయ్యుండొచ్చు. ఇది గమనించి చెప్పిన లెక్క, కారణం నిరూపించిన లెక్క కాదు. కానీ ఆ పరిశోధకులే ఇంకో మాట అన్నారు: నలుగురితో కలిసి ఆడే ఆటలే పైన ఉన్నాయని. అంటే గోడ ఒక్కటే ఆ లాభం ఇవ్వదు. గోడ చేసే పని, పార్టనర్ దొరికే రోజు వరకు చేతిని, కాళ్ళని సిద్ధంగా ఉంచడం. నేను దాన్ని పవర్ బ్యాంక్ అనుకుంటాను, ఛార్జర్ అనుకోను.

గోడ ఎందుకు అంత తొందర పెడుతుంది?

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, బీటెక్‌లో చదివిన ఫిజిక్స్ ఎక్కడో ఒకచోట పనికి రావాలి కదా.

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు, అంటే 23.77 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో, అంటే చాలా మామూలు ర్యాలీ వేగంతో, బంతి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడానికి సుమారు 1.4 సెకన్లు. అవతలి మనిషి అదే వేగంతో తిరిగి కొడితే ఇంకో 1.4. గాలి వల్ల, బౌన్స్ వల్ల తగ్గే వేగం కలుపుకుంటే మీ ఒక షాట్‌కి, తర్వాతి షాట్‌కి మధ్య మూడు సెకన్ల పైనే టైమ్ ఉంటుంది. ఆ మూడు సెకన్లలోనే రాకెట్ వెనక్కి తీసుకోవడం, కాళ్ళు సర్దుకోవడం, ఊపిరి పీల్చుకోవడం అన్నీ జరుగుతాయి.

ఇప్పుడు ఇంటి గోడ ముందు 6 మీటర్ల దూరంలో నిలబడండి. అదే వేగంతో కొడితే బంతి గోడని చేరడానికి 0.36 సెకన్లు. గోడకి తగిలాక వేగం కొంత పోతుంది. రూల్స్ ప్రకారం మామూలు టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. దీన్ని వేగంలోకి మారిస్తే దాదాపు మూడొంతులు మిగులుతుంది. గట్టిగా కొట్టినప్పుడు ఇంకాస్త తక్కువ. 70 శాతం అనుకుందాం. వెనక్కి రావడానికి అర సెకను. మొత్తం కలిపి సెకను కూడా లేదు.

కోర్టులో మూడు సెకన్లు, గోడ ముందు ఒక సెకను. అంటే అవతల ఒక మొండి కుర్రాడు నెట్ దగ్గర నిలబడి ప్రతి బంతినీ గాల్లోనే తిప్పి కొడుతున్నట్టు. పదహారేళ్ళ పిల్లకి ఇది అద్భుతమైన ట్రైనింగ్. 61 ఏళ్ళ మనిషికి ఏమవుతుందంటే, టైమ్ లేక స్వింగ్ కుదించుకుపోతుంది. భుజం తిరగదు, నడుము తిరగదు, మొత్తం పని మణికట్టు, ముంజేయి మీద పడుతుంది. నిమిషానికి నలభై యాభై షాట్లు అలా పడితే టెన్నిస్ ఎల్బో రావడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు. మోచేతి బయటివైపు, మణికట్టుని పైకెత్తే కండరాల స్నాయువు ఎముకకి అంటుకునే చోట వచ్చే నొప్పి అది. ఒకసారి వచ్చిందంటే నెలలు తీసుకుంటుంది. కాఫీ కప్పు ఎత్తినా తెలుస్తుంది.

సరే, దూరం జరిగితే? సగం కోర్టు దూరం, అంటే 39 అడుగులు, 12 మీటర్లు వెనక్కి వెళ్ళినా 1.7 సెకన్లే వస్తుంది. పైగా అంత ఖాళీ స్థలం ఎవరింట్లో ఉంది? హైదరాబాద్‌లో 200 గజాల ప్లాట్‌లో ఇల్లు కట్టాక మిగిలేది బైక్ తిప్పుకునే చోటు. కాబట్టి దూరం పెంచి గెలవలేం. బంతినే నెమ్మది చేయాలి, లేదా తిరిగి కొట్టే ఉపరితలాన్ని మెత్తబరచాలి. మిగతా రివ్యూ అంతా ఈ రెండింటి గురించే.

ఉన్న కాంపౌండ్ గోడ

ఖర్చు లేని ఆప్షన్ కాబట్టి అందరూ ముందు దీన్నే చూస్తారు. మూడు సమస్యలు. మొదటిది ఎత్తు. కోర్టులో నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. దాన్ని చూసి ఐదడుగుల గోడ చాలనుకుంటారు. చాలదు. నెమ్మదిగా కొట్టిన బంతి గోడకి నెట్ ఎత్తులో తగిలితే తిరిగి రెండు మూడు మీటర్లకే నేల మీద పడిపోతుంది, మీ దాకా హాయిగా రాదు. మీ దగ్గరికి చక్కగా రావాలంటే గోడ మీద ఆరేడు అడుగుల ఎత్తులో తగలాలి. అంటే గోడ కనీసం 8 అడుగులు, 10 ఉంటే మంచిది. ఆ పైన నైలాన్ నెట్. లేదంటే రోజుకో బంతి పక్కింటి కుండీల్లోకి.

రెండోది మందం. నాలుగు అంగుళాల ఇటుక గోడ రోజూ దెబ్బలకి ప్లాస్టరింగ్ పెచ్చులు లేపుతుంది. తొమ్మిది అంగుళాల గోడ అయితే ఇబ్బంది లేదు. ప్లాస్టరింగ్ చేయించేటప్పుడు మేస్త్రీకి ఒక మాట చెప్పండి, మరీ నున్నగా వద్దు, మరీ గరుకుగా వద్దని. గరుకు ఎక్కువైతే బంతి మీద నూగు నెలలోపే ఊడిపోతుంది, స్పిన్ కూడా ఎక్కువ పట్టుకుంటుంది. టాప్‌స్పిన్‌తో కొట్టిన బంతి గోడకి తగిలి పైకి లేస్తుంది, స్లైస్ చేసిన బంతి గోడ వెంట కిందికి జారి కాళ్ళ దగ్గర చచ్చిపోతుంది. పాతకాలం ఆటగాళ్ళు చాలామంది బ్యాక్‌హ్యాండ్ స్లైసే కొడతారు. గోడ ముందు వాళ్ళు "నా బ్యాక్‌హ్యాండ్ పోయింది" అని దిగులుపడతారు. పోయింది బ్యాక్‌హ్యాండ్ కాదు, గోడ పని తీరే అంత.

మూడోది శబ్దం. ఇటుక గోడ నిజానికి ప్లైవుడ్ కంటే నయం, బరువు వల్ల పెద్దగా మోగదు. కానీ గోడ ఇద్దరిదీ అయితే అవతలివైపు పడకగది ఉండొచ్చు. పొద్దున ఆరింటికి టప్, టప్, టప్. ఎంత మంచి పొరుగైనా నాలుగోరోజు గేటు దగ్గర నిలబడి "ఏం బాబూ, ఏంటా చప్పుడు?" అంటారు. అనాలి కూడా.

ప్యానెల్ బోర్డులు

అమెరికాలో క్లబ్బుల్లో, పెద్ద ఇళ్ళలో ఫైబర్‌గ్లాస్ ప్యానెళ్ళతో కట్టిన బ్యాక్‌బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. కొన్నింటిని కొంచెం వెనక్కి వాలేలా బిగిస్తారు, దానివల్ల బంతి పైకి లేచి, ఇంకాస్త టైమ్ ఇచ్చి వస్తుంది. డిజైన్ పరంగా తెలివైన పని. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బ్యాక్‌యార్డ్ ఉన్న మనవాళ్ళు ఆలోచించొచ్చు, ముందు హెచ్ఓఏ రూల్స్ చూసుకుని. ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా ఖర్చుకే గుండె ఆగుతుంది. లోకల్‌గా కార్పెంటర్‌తో ప్లైవుడ్ కొట్టిస్తే ఒక వర్షాకాలం తర్వాత పొరలు విడిపోతాయి. మెరైన్ ప్లై అయినా అంచులు సీల్ చేయకపోతే అంతే. వెనకాల బోలుగా ఉంటే డప్పులా మోగుతుంది. ఇంత కష్టం నేనైతే సిఫార్సు చేయను.

రీబౌండ్ నెట్, నా ఓటు దీనికే

స్టీల్ ఫ్రేమ్, దానికి స్ప్రింగులతోనో ఎలాస్టిక్ తాళ్ళతోనో బిగించిన నెట్, వెనక కోణం మార్చుకునే కాలు. చూడటానికి నులక మంచం నిలబెట్టినట్టు ఉంటుంది. కుర్రాళ్ళు దీన్ని తీసిపారేస్తారు, "బంతి గట్టిగా రావట్లేదు" అని. మనకి కావాల్సింది సరిగ్గా అదే.

నెట్ బంతి వేగాన్ని గోడ కంటే ఎక్కువగా మింగుతుంది. కొద్దిగా వెనక్కి వంచితే బంతి వంపు తిరిగి పైకి లేచి వస్తుంది. అంటే భుజం తిప్పడానికి, కాళ్ళు సర్దుకోవడానికి ఆ ఒక్క సెకను కాస్తా రెండు దాకా అవుతుంది. చప్పుడు దాదాపు లేదు. వాడనప్పుడు మడిచి గోడకి ఆనించొచ్చు. మధ్యతరగతి ఇంటి బడ్జెట్‌కి కూడా అందుతుంది, పేరున్న ఫోన్ కొనే డబ్బుతో నెట్, బంతులు, మంచి షూస్ మూడూ వచ్చేస్తాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నెట్ కొన్ని నెలలకి వదులవుతుంది. అప్పుడు మధ్యలో తగిలిన బంతి ఒకలా, అంచున తగిలింది ఒకలా వస్తుంది. కాబట్టి కొనేముందు చూడాల్సింది రంగు, బ్రాండ్ కాదు. తాళ్ళు విడిగా మార్చుకునే వీలుందా, నెట్ ఒక్కటే స్పేర్‌గా దొరుకుతుందా, ఈ రెండు ప్రశ్నలు అడగండి. ఫోన్‌లో బ్యాటరీ మార్చుకునే వీలు లాంటిదే ఇది, లేకపోతే మొత్తం వస్తువు పారేయాలి. సైజ్ విషయంలో పిసినారితనం వద్దు. వెడల్పు, ఎత్తు రెండూ కనీసం 6 అడుగులు ఉండాలి. చిన్న నెట్లు ఫుట్‌బాల్, క్రికెట్ పిల్లల కోసం చేసినవి, టెన్నిస్ రాకెట్ బొమ్మ అతికించి అమ్ముతారు. అందులో గురి తప్పిన ప్రతి బంతికీ నడుము వంచి తెచ్చుకోవాలి. పది నిమిషాల ఆటలో పాతికసార్లు వంగడం ఎక్సర్‌సైజ్ అని సర్ది చెప్పుకోవచ్చు గానీ, నడుము నొప్పి ఉన్న మనిషి రెండోరోజు బయటికి రాడు.

డాబా మీద పెట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. పిట్టగోడ మూడడుగులే ఉంటుంది. బంతి కింద రోడ్డు మీద పడితే పోయేది బంతే కాదు, బైక్ మీద వెళ్ళే మనిషి బ్యాలెన్స్ కూడా. చుట్టూ నెట్ కట్టకుండా మొదలుపెట్టొద్దు. మే నెల గాలివానకి ఫ్రేమ్ తెరచాపలా ఎగురుతుంది, ఇసుక బస్తాలు వేసినా సరే, ఆట అయ్యాక పడుకోబెట్టి తాడుతో కట్టేయండి. డాబా మీద కొత్తగా ఇటుక గోడ లేపుదామనే ఆలోచన ఉంటే, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగకుండా ఒక్క ఇటుక కూడా పైకి ఎక్కించొద్దు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, నా మాట చెల్లదు.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి సెల్లార్ తప్ప దిక్కు లేదు. అక్కడ కార్లు, అసోసియేషన్ ప్రెసిడెంట్. వాళ్ళు నీళ్ళు నింపే ప్లాస్టిక్ దిమ్మకి ఎలాస్టిక్ తాడుతో బంతి కట్టి ఉండే ట్రైనర్ కొంటుంటారు. చాలా చవక. బంతి మాత్రం ఎటు వస్తుందో దానికే తెలియదు, ఒక్కోసారి మొహం మీదికే వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకునే పెద్దవాళ్ళకి నేను వద్దనే చెబుతాను.

బంతి మారిస్తే గోడ మారినట్టే

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. పిల్లల కోసం చేసిన నెమ్మది బంతులు పెద్దవాళ్ళకి కూడా పనికొస్తాయి. ఇంటర్నేషనల్ టెన్నిస్ ఫెడరేషన్ వీటిని మూడు రకాలుగా పెట్టింది. మామూలు బంతితో పోలిస్తే ఎరుపు దాదాపు 75 శాతం, ఆరెంజ్ 50 శాతం, గ్రీన్ 25 శాతం నెమ్మది అని చెబుతారు. 2012 నుంచి పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో ఇవే తప్పనిసరి. పిల్లల మోచేతుల గురించి అంత ఆలోచించినవాళ్ళం, తాతల మోచేతుల గురించి ఎందుకు ఆలోచించం?

గట్టి గోడ తప్ప వేరే దారి లేదంటే ఆరెంజ్ బంతి. 6 మీటర్ల లోపు దూరం అయితే ఎరుపు. రీబౌండ్ నెట్ అయితే గ్రీన్ చాలు. "పిల్లల బంతితో ఆడటమేంటి" అని ఇంట్లో గొడవ వస్తుంది, మాకూ వచ్చింది. నేను డబ్బాలోంచి తీసి, ఏ బంతి అని చెప్పకుండా ఇచ్చాను. నాన్న పావుగంట ఆడి, "ఇవాళ టైమింగ్ బాగుంది" అన్నారు.

ప్రెషర్‌లెస్ బంతుల సంగతి వేరు. లోపల గాలి ఒత్తిడి బదులు మందపాటి రబ్బరుతో బౌన్స్ అవుతాయి కాబట్టి ఏళ్ళ తరబడి మన్నుతాయి, అందుకే గోడ ప్రాక్టీస్‌కి అందరూ ఇవే చెబుతారు. డబ్బు పరంగా కరెక్ట్. కానీ రాకెట్‌కి తగిలినప్పుడు గట్టిగా, బరువుగా అనిపిస్తాయి. మోచెయ్యి ఇప్పటికే సతాయిస్తుంటే వీటి జోలికి వెళ్ళొద్దు. దానికంటే క్లబ్‌లో పక్కన పడేసిన, గాలి తగ్గిన పాత బంతులు బుట్టెడు తెచ్చుకోండి. ఫ్రీ, పైగా నెమ్మది.

రాకెట్ గురించి ఒక్క మాట. పాలియెస్టర్ స్ట్రింగ్ గట్టిగా ఉంటుంది, చేతికి షాక్ ఎక్కువ పంపుతుంది. సింథటిక్ గట్ లేదా మల్టీఫిలమెంట్ వేయించి, టెన్షన్ నాలుగైదు పౌండ్లు తగ్గించమని చెప్పండి. గోడ కొనే ముందే ఈ పని చేయండి.

కింద నేల, కాళ్ళకి షూస్

పార్కింగ్ టైల్స్ తడిస్తే జారతాయి, మంచు పడిన పొద్దున కూడా. తాండూరు బండలు అరిగి నున్నబడితే అంతకంటే ఘోరం. మామూలు సిమెంట్ ఫ్లోరింగ్, కొంచెం గరుకుగా, ఇదే మేలు. రన్నింగ్ షూస్‌తో ఆడొద్దు. అవి ముందుకి పరిగెత్తడానికి చేసినవి, పక్కకి జరిగినప్పుడు మెత్తటి మడమ మడత పడి చీలమండ బెణుకుతుంది. టెన్నిస్ షూస్ కాకపోతే కనీసం బ్యాడ్మింటన్ షూస్, అవి సిమెంట్ మీద త్వరగా అరిగినా సరే.

ఇక మన సైట్ సబ్జెక్ట్: వాచ్, సెన్సర్, యాప్

స్మార్ట్‌వాచ్ ఉంటే రాకెట్ పట్టుకోని చేతికి పెట్టండి. రాకెట్ పిడికిలి బిగించినప్పుడు మణికట్టు దగ్గర కండరాలు కదిలి, వెలుతురుతో పనిచేసే హార్ట్ రేట్ సెన్సర్ తప్పు చూపిస్తుంది. కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టే స్ట్రాప్. "220లో నుంచి వయసు తీసేయండి" అనే పాత లెక్క ప్రకారం అరవై ఏళ్ళ మనిషికి గరిష్ఠం 160. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేసే లెక్క ప్రకారం 166. రెండూ సగటు లెక్కలే. అసలు సంగతి వేరే ఉంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది బీపీకి మందులు వాడతారు. వాటిలో బీటా బ్లాకర్ రకం అయితే గుండె వేగాన్ని అవే అదిమి పెడతాయి. వాచ్ 110 చూపిస్తూ గ్రీన్ జోన్ అంటుంది, మనిషి ఆయాసపడుతుంటాడు. అందుకే వాచ్ కంటే నోరు నమ్మండి. ఆడుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడలేకపోతే ఆపాలి. ఛాతీలో బరువు, దవడలోనో చేతిలోనో లాగినట్టు ఉంటే ఆట అక్కడితో అయిపోయింది, హాస్పిటల్‌కి బయలుదేరాలి. ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు ముందు డాక్టర్‌ని కలవడం మర్చిపోవద్దు.

రాకెట్ సెన్సర్లు కొనొద్దు. 2014 ప్రాంతంలో సోనీ సెన్సర్, బాబొలాట్ ప్లే రాకెట్ వచ్చినప్పుడు భవిష్యత్తు అదే అన్నారు. ఆ తరం వస్తువులు ఇప్పుడు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో చూడండి. యాప్ సపోర్ట్ పోతే సెన్సర్ రాయితో సమానం. కోర్టు గీతల్ని చూసి పనిచేసే ఏఐ యాప్‌లకి ఇంటి గోడ దగ్గర పెద్దగా పని లేదు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, పక్కన ట్రైపాడ్ మీద ఉంచి రెండు నిమిషాలు తీయండి. బంతిని శరీరానికి ముందు కొడుతున్నారా, పక్కకి వచ్చాక కొడుతున్నారా, అదొక్కటి చూస్తే చాలు. వెనక పడి కొడుతుంటే గోడ మరీ ఫాస్ట్ అని అర్థం, బంతి మార్చండి.

బాల్ మెషీన్ గురించి అడిగేవాళ్ళు ఉంటారు. ఆలోచన కొత్తదేం కాదు, ఫ్రెంచ్ ఛాంపియన్ రెనె లకోస్ట్ 1920ల్లోనే ఒకటి చేయించుకున్నాడు. కానీ దానికి పూర్తి కోర్టు కావాలి, బంతులు ఏరాలి, బరువు మోయాలి. ఇంటికి అనవసరం.

ఎంతకాలం ఆడొచ్చు?

రోహన్ బోపన్న 2024లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచినప్పుడు వయసు 43. అదే సమయంలో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 అయ్యాడు, అంత వయసులో మొదటిసారి ఆ ర్యాంక్ చేరినవాళ్ళు లేరు. మోకాళ్ళలో మృదులాస్థి అరిగిపోయిందని, అయ్యంగార్ యోగా నిలబెట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ప్రొఫెషనల్ కదా, ఫిజియో ఉంటాడు కదా అంటారా? ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌కి చెందిన లియోనిద్ స్తనిస్లావ్‌స్కీ 2021లో 97 ఏళ్ళ వయసులో మయోర్కాలో జరిగిన ప్రపంచ సీనియర్స్ పోటీల్లో ఆడాడు. 90 దాటినవాళ్ళకి ఐటీఎఫ్‌లో విడిగా ఒక కేటగిరీయే ఉంది. వీళ్ళందరూ అదృష్టవంతులు, నిజమే. కానీ ఎక్కడా ఆట ఆపకుండా ఉండటం కూడా వాళ్ళకి కలిసొచ్చింది. యాభై ఏడులో "పార్టనర్ లేడు" అని రెండేళ్ళు ఆపిన మనిషికి మళ్ళీ మొదలుపెట్టడం చాలా కష్టం.

అందుకని ఇంట్లో నెట్ పెట్టాక పౌరుషం కొంచెం పక్కన పెట్టాలి. ముందు ఐదు నిమిషాలు భుజాలు, నడుము తిప్పి, నెమ్మదిగా దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి జరగండి. రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు. ర్యాలీ ఎంతసేపు సాగిందని లెక్కపెట్టడం మొదలుపెడితే ఎవరైనా మితిమీరతారు, నాన్న 112 దాకా వెళ్ళి మర్నాడు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నారు. లెక్కపెట్టాలనుకుంటే మంచి షాట్లు లెక్కపెట్టండి.

ఇంకోటి, రెండు బౌన్స్‌ల వరకు వదిలేయండి. ఇది మోసం అనుకునేవాళ్ళకి చెప్పండి, వీల్‌చైర్ టెన్నిస్ రూల్స్‌లోనే రెండు బౌన్స్‌లకి అనుమతి ఉంది. రెండో బౌన్స్ దాకా ఆగితే బంతి నడుము కింద, మెల్లగా, కొట్టడానికి వీలుగా దొరుకుతుంది, మీకు ఇంకో అర సెకను పైనే కలిసొస్తుంది. గోడ మీద గీత గీసేవాళ్ళు 3 అడుగుల దగ్గర ఒకటి గీసి ఊరుకోకుండా, ఆరున్నర అడుగుల దగ్గర ఇంకోటి వేరే రంగులో గీయండి. గురి పై గీత మీద పెట్టాలి. పెయింట్ ఆరడానికి ఒక పూట పడుతుంది, ఆ పూట వెళ్ళి పక్కింటివాళ్ళకి ఏ టైమ్‌లో ఆడతారో చెప్పి రండి.